పెరట్లో గునుగు: గింజ నుంచి గింజ దాకా

గునుగును ఎవరూ విత్తరు. వాన పడితే చెలకల్లో దానంతట అదే మొలుస్తుంది, పత్తి సాళ్ల మధ్య, మక్క చేను అంచున, చెరువు కట్ట మీద. కొన్నేళ్లుగా చేన్లలో గడ్డిమందు వాడకం పెరగడంతో అది చేను నడుమ నుంచి గట్టుకు, గట్టు నుంచి రోడ్డు పక్కకు జరిగింది. హన్మకొండలోనూ, కరీంనగర్‌లోనూ బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు పొద్దున కట్టలు కట్టి అమ్ముతుంటే కొనుక్కుంటున్నాం. మనం బజారుకు పోయి తెచ్చుకోగలం, తేనెటీగలకు ఆ వీలు లేదు. క్రోటన్లు, గడ్డి లాన్లు, రేకులు ముద్దగా కట్టిన నర్సరీ పూలతో నిండిన కాలనీలో వాటికి దొరికే తిండి చాలా తక్కువ. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న ఒక్క గునుగు మడి ఉంటే భాద్రపదం నుంచి కార్తీకం దాటేదాకా వాటికి తేనె, పుప్పొడి అందుతాయి.

ఈ మొక్కకు మనం చేసే ముఖ్యమైన సేవ అతిగా సేవ చేయకపోవడమే. ఎరువు ఎక్కువైతే పడిపోతుంది, నీళ్లు ఎక్కువైతే కుళ్లిపోతుంది. ఎక్కడ చేయి పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వరుసగా చూద్దాం.

మొక్కను గుర్తుపట్టడం

గునుగు శాస్త్రీయ నామం సిలోసియా అర్జెంటియా. తోటకూర కుటుంబం. తోటల్లో పెంచే కోడిజుట్టు, సీతజడ పూలకు ఇది అడవి చుట్టం. కాండం నిటారుగా పెరుగుతుంది, నిలువు గీతలుంటాయి, కొన్నింట్లో ఎరుపు జీర కనిపిస్తుంది. ఆకు సన్నగా, పొడుగ్గా, నూగు లేకుండా నున్నగా ఉంటుంది. బలమైన నేలలో నడుము ఎత్తు దాటుతుంది, గట్టి చెలకలో మోకాలెత్తులోనే కంకి వేస్తుంది. ఒక్క వానాకాలంలో మొలిచి, పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది.

మొలక దశలో దీన్ని తోటకూరతోనూ, ఉత్తరేణితోనూ పొరబడే అవకాశం ఉంది. నాలుగైదు ఆకులు వచ్చాక వేలితో తడిమి చూడండి. ఉత్తరేణి ఆకు మీద నూగు తగులుతుంది, ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. గునుగు ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. తోటకూర ఆకు గునుగు కంటే వెడల్పు, కాడ పొడుగు.

గింజ సంపాదించడం

దసరా దాటాక కార్తీక మాసంలో ఏ పల్లె దారిలోనైనా గట్ల మీద గునుగు ఎండుతూ కనిపిస్తుంది. కంకి కింది సగం గోధుమ రంగుకు తిరిగి, వేలితో తడితే నల్లటి గింజలు రాలుతుంటే అదే సరైన సమయం. కంకిని కోయనక్కర్లేదు. కాగితపు సంచిలోకి వంచి నాలుగు దెబ్బలు తట్టండి. పది కంకులు దులిపితే మీ మడికి కావలసినంత కన్నా ఎక్కువే వస్తుంది. గింజ నల్లగా, మెరుస్తూ, రెండు వైపులా ఉబ్బి ఉంటుంది. గ్రాముకు అటూఇటుగా వెయ్యి గింజలు తూగుతాయి. ఒకే చోట మొత్తం దులిపేయకండి, వచ్చే ఏటికి ఆ గట్టు మీద కూడా మొలవాలి.

ఇంటికి తెచ్చాక నీడన మూడు నాలుగు రోజులు పరచి ఆరబెట్టండి. పొట్టు ఊదేసి, చిన్న గాజు సీసాలో పోసి, మీద చెంచాడు పొడి బూడిద వేసి మూత పెట్టి, ఏడాది రాసిన కాగితం అంటించండి. ప్లాస్టిక్ కవరులో తడి ఆరకుండా కట్టిపెడితే బూజు పట్టి మొలక శక్తి పోతుంది. మొలవని గింజల్లో చాలా వరకు ఇలా పాడైనవే.

మే నెలాఖరున ఒక పరీక్ష చేయండి. ఇరవై గింజలు తడి గుడ్డలో చుట్టి వారం రోజులు ఎండ తగలని చోట పెట్టండి, గుడ్డ ఆరనివ్వద్దు. పద్నాలుగు దాటి మొలిస్తే మంచి విత్తనం. పది మొలిస్తే రెండింతలు చల్లండి. ఐదు కూడా రాకపోతే కొత్త గింజ వెతుక్కోవడం మంచిది.

గింజ దొరకనివాళ్లకు ఇంకో దారి ఉంది. జూలైలో గట్ల మీద నాలుగైదు ఆకుల మొక్కలు గుంపులుగా ఉంటాయి. వాన పడ్డ మర్నాడు సాయంత్రం, మట్టి గడ్డతో సహా చిన్న తాపీతో లేపి తెచ్చి, అదే పూట నాటండి. బెత్తెడు ఎత్తు దాటిన మొక్కను తేవద్దు. దీనికి తల్లివేరు లోతుకు దిగుతుంది. అది తెగితే మొక్క బతికినా గిడసబారి, చిన్న కంకి వేసి ఊరుకుంటుంది.

చోటు, నేల

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ప్రహరీ గోడ నీడలో మొక్క పొడుగ్గా సాగి పక్కకు వాలుతుంది. పైగా తేనెటీగలు కూడా ఎండలో ఉన్న పూలనే ముందు వెతుక్కుంటాయి. కాబట్టి తూర్పు, దక్షిణం తెరిచి ఉన్న చోటు ఎంచుకోండి.

వరంగల్ చుట్టుపక్కల ఎర్ర చెలక నేల ఉన్నవాళ్లకు పెద్దగా పని లేదు. ఇరవై చదరపు అడుగుల మడిని బెత్తెడు లోతు తవ్వి, ఐదు కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి చదును చేస్తే చాలు. నల్లరేగడి ఉన్నచోట, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, అసలు సమస్య నీరు నిలవడం. అక్కడ మడిని ఆరంగుళాలు ఎత్తుగా కట్టి, చుట్టూ చిన్న కాలువ తీయండి. రేగడిలో రెండు తట్టల ఇసుక కలిపితే సరిపోతుందనుకుంటారు కానీ, ఆ కొద్ది ఇసుకతో నేల గుల్లబారదు. మాగిన ఎరువు, ఎండుటాకు పొడి కలపడం వల్లే రేగడి విడివడుతుంది.

కొత్త ఇళ్లలో పెరడంటే చాలాసార్లు సిమెంటు పెళ్లలు, కంకర కలిసిన మొరం. అలాంటి చోట పైనున్న రాళ్లు ఏరి, నాలుగంగుళాల ఎర్రమట్టి పరిచి మొదలుపెట్టండి. గునుగు మొరంలోనూ బతుకుతుంది, మొలకెత్తడానికి మాత్రం పైపొర మెత్తగా ఉండాలి.

యూరియా, డీఏపీ వద్దు. కోళ్ల ఎరువు కూడా వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు ముదురు పచ్చగా కళకళలాడుతుంది, కాండం మెత్తబడుతుంది, పూత వెనకబడుతుంది. సెప్టెంబర్ గాలివానకు మొదట పడిపోయేవి ఆ మొక్కలే.

విత్తడం

రోహిణి కార్తెలో ఒకట్రెండు జల్లులు పడగానే తొందరపడకండి. ఆ జల్లుకు మొలిచిన మొలక తర్వాతి ఎండకు మాడిపోతుంది. మిరుగం, అంటే మృగశిర కార్తె దాటి, నేల జానెడు లోతు తడిసేంత వాన పడ్డాక, అంటే మామూలు ఏడాదిలో ఆరుద్ర కార్తెలో, జూన్ ఆఖరి వారంలో విత్తండి.

ఇరవై చదరపు అడుగులకు అర గ్రాము గింజ చాలు. చిటికెడు అనుకోండి. ఇంత సన్నని గింజను నేరుగా చల్లితే ఒకచోట కుప్ప పడుతుంది, ఇంకోచోట ఖాళీ మిగులుతుంది. రెండు దోసిళ్ల పొడి ఇసుకలో కలిపి, అందులో సగాన్ని మడి పొడుగునా, మిగతా సగాన్ని అడ్డంగా చల్లండి. తర్వాత మట్టి కప్పవద్దు. అరచేతితో గానీ చిన్న చెక్క పలకతో గానీ మెత్తగా ఒత్తండి, గింజ తడి మట్టికి అంటుకుంటే చాలు. అర అంగుళం మట్టి కింద పడిన గింజ పైకి రావడం కష్టం. విత్తనం రాలేదని చెప్పేవాళ్లలో చాలామంది అలవాటుగా మట్టి కప్పినవాళ్లే.

పెద్ద వాన గింజను కొట్టుకుపోకుండా మీద పలుచగా వరిగడ్డి పరకలు పరవండి, కింది మట్టి కనిపించేంత పలుచగా. మొలకలు కనబడగానే ఆ గడ్డి తీసేయాలి, లేకపోతే కింద తెల్లగా సాగిపోతాయి. చీమలు గింజలు మోసుకుపోతాయి. మడి చుట్టూ పుట్టలుంటే గింజతో పాటు గుప్పెడు నూకలు ఇంకోవైపు చల్లి వాటిని అటు మళ్లించవచ్చు. చీమల మందు మాత్రం చల్లకండి, నేలలో గూడు కట్టే తేనెటీగలకూ అది విషమే.

ఐదు నుంచి పది రోజుల్లో మొలుస్తుంది. వాన తెరిపి ఇస్తే పొద్దున, సాయంత్రం సన్న రంధ్రాల పూలక్యానుతో పైమట్టి తడిపితే చాలు. గొట్టంతో కొట్టవద్దు.

మొత్తం మడి ఒకేసారి విత్తకండి. సగం జూన్ ఆఖరున, పావు జూలై ఆఖరున, మిగిలిన పావు ఆగస్టు రెండో వారంలో వేయండి. పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకు వచ్చే మొక్క ఇది. అందువల్ల ఆలస్యంగా విత్తినవి ఎత్తు పెరగకుండా, జానెడు, మూరెడు ఉండగానే కంకి వేస్తాయి. ఆ చిన్న కంకులే నవంబర్, డిసెంబర్‌లో, చుట్టూ పూలు తగ్గిన రోజుల్లో తేనెటీగలకు ఉపయోగపడతాయి.

ఒత్తు తీయడం, తల తుంచడం

నాలుగు ఆకులు వచ్చాక మొదటిసారి, బెత్తెడు ఎత్తు అయ్యాక రెండోసారి ఒత్తు మొక్కలు తీయండి. చివరికి మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉండాలి. ఆగస్టులో విత్తిన వాటికి ఆరంగుళాలు చాలు. ఇరవై చదరపు అడుగుల్లో ఇరవై మొక్కలేనా అని మనసొప్పదు. కానీ ఒత్తుగా వదిలేస్తే ఒక్కొక్కటీ ఒకే కంకితో సన్నగా సాగుతుంది, దూరంగా ఉంటే ఒక్కో మొక్కకు పక్క కొమ్మలు వచ్చి ఎన్నో కంకులు వేస్తాయి. తీసిన లేత మొక్కలు పారేయక్కర్లేదు. గునుగు కూర మన పల్లెల్లో తినే ఆకుకూరే, పప్పులో వేసినా, ఎల్లిపాయ కారంతో వేయించినా బాగుంటుంది.

మొక్క అడుగు ఎత్తు చేరాక సగం మొక్కల కొన తుంచండి. గోటితో పై రెండు ఆకుల చిగురు గిల్లితే చాలు. వాటికి పక్క కొమ్మలు వచ్చి చిన్న కంకులు ఎక్కువగా, ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. ఇవి తేనెటీగల వాటా. తుంచకుండా వదిలినవి నిటారుగా పెరిగి పొడుగు కాడ, పెద్ద కంకి ఇస్తాయి. బతుకమ్మకు అవి కావాలి. ఆగస్టు పదిహేను దాటాక తల తుంచవద్దు. అప్పటికి లోపల మొగ్గ తయారవుతుంటుంది.

నీళ్లు

వేరు దిగాక వానే దానికి సరిపోతుంది. ఎనిమిది, పది రోజులు చినుకు లేకపోతే మడికి రెండు బకెట్లు మొక్కల మొదళ్లలో పోయండి. రోజూ కొంచెం కొంచెం తడపడం కన్నా వారానికోసారి నిండుగా పోయడం మంచిది, వేరు లోతుకు దిగుతుంది. మధ్యాహ్నం ఆకు వాలినా సాయంత్రానికి తేరుకుంటే నీళ్లు అక్కర్లేదు. పొద్దునే వాలి ఉంటే అప్పుడు పోయాలి. మట్టి తడిగా ఉండి కూడా ఆకు వాలుతుంటే అది నీటి కొరత కాదు, వేరు కుళ్లుతోందని అర్థం. అలాంటప్పుడు నీళ్లు ఆపి, నిలిచిన నీటికి దారి తీయండి.

పూత మొదలయ్యాక కంకుల మీద నీళ్లు పోయవద్దు. పుప్పొడి కడిగిపోతుంది, తడి నిలిచిన కంకి లోపల బూజు పడుతుంది.

కంకిలో తేనె ఎక్కడుంటుంది

ఈ విషయం తెలిస్తే మడిని చూసే కన్నే మారుతుంది. గునుగు కంకి ఒక్క పువ్వు కాదు. వందల చిన్న పూల గుత్తి. ఒక్కో పూవుకు ఐదు కాగితం లాంటి పొరలు, మధ్యలో ఐదు కేసరాలు. కేసరాల మొదళ్లు కలిసి చిన్న గిన్నెలా ఉంటాయి, తేనె ఆ గిన్నె అడుగున ఊరుతుంది. పూలు కింది నుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి. విచ్చుకుని పని అయిపోయిన పూవు రాలదు, వాడదు. ఆ పొరలు ఎండి వెండి తెలుపుకు తిరిగి అలాగే నిలిచిపోతాయి.

అందుకే కంకి మొత్తం పూసినట్టు మన కంటికి కనిపిస్తుంది. దగ్గరగా వంగి చూడండి. కొన భాగం గులాబి రంగులో మూసుకుని ఉంటుంది, అవి మొగ్గలు. మొదలు తెల్లగా, పొడిగా ఉంటుంది, అవి గింజ కడుతున్నవి. ఈ రెండింటి మధ్య వేలి వెడల్పు పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడే కేసరాలు బయటికి వచ్చి కనిపిస్తాయి. తేనెటీగ వచ్చి వాలితే ఆ పట్టీ చుట్టే తిరుగుతుంది, కింది తెల్లని భాగాన్ని తాకనైనా తాకదు. రోజులు గడిచేకొద్దీ ఆ పట్టీ పైకి జరుగుతూ పోతుంది, కంకి పొడుగు పెరుగుతూ పోతుంది. ఒక పెద్ద కంకిలో ఇలా కొన్ని వారాలు సాగుతుంది.

ఎండ కాసే పొద్దున, మంచు ఆరాక, మడి పక్కన పావుగంట నిలబడితే ఎవరెవరు వస్తున్నారో తెలుస్తుంది. కొమ్మకు ఒకే చిన్న అట్ట పెట్టే సన్న తేనెటీగ, చెట్టు తొర్రల్లో అట్టలు పెట్టే తేనెటీగ, గోడ పగుళ్లలో ఉండే కుట్టని నల్ల తేనెటీగ సాధారణంగా కనిపిస్తాయి. పొట్ట మీద నీలి చారలుండి, జుయ్యిమని మోగుతూ ఒక పూవు నుంచి ఇంకో పూవుకు దూకే తేనెటీగ ఒంటరిది. అది మట్టి గోడల్లో, నేలలో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. తేనెటీగ రంగులోనే ఉండి గాలిలో ఒకేచోట నిలబడే ఈగలు కూడా వస్తాయి. వాటి పిల్ల పురుగులు పేనుబంకను తింటాయి కాబట్టి పక్కనున్న చిక్కుడు, బెండ మొక్కలకు మేలు. సీతాకోకచిలుకలు మధ్యాహ్నం దాకా వస్తూనే ఉంటాయి.

బతుకమ్మకు కోయడం

బతుకమ్మకు కోస్తే తేనెటీగలకేం మిగులుతుందని అనిపించవచ్చు. పైన చెప్పిన పట్టీని చూసి కోస్తే ఇద్దరికీ సరిపోతుంది. పట్టీ కొన దాకా చేరి, గులాబి రంగు దాదాపు మాయమైన కంకులు కోయండి. వాటిలో తేనె అయిపోవచ్చింది. తెల్లగా ఉంటాయి కాబట్టి రంగు కూడా బాగా పడుతుంది. గులాబి కొన ఇంకా రెండంగుళాలు ఉన్న కంకిని వదిలేయండి. మొదలు గోధుమ రంగుకు తిరిగినదీ కోయవద్దు, బతుకమ్మ పేరుస్తుంటే గింజలన్నీ తాంబాళంలో రాలిపోతాయి.

పండుగ తేదీ ఏటా కదులుతుంది. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21న వచ్చింది. 2026లో అధిక మాసం వల్ల అక్టోబర్ 10కి జరుగుతుంది. సెప్టెంబర్‌లో పండుగ వచ్చే ఏడాది మొదటి విత్తు జూన్ మూడో వారంలోనే పడేటట్టు చూడండి, అక్టోబర్‌లో వచ్చే ఏడాది జూన్ ఆఖరు దాకా ఆగవచ్చు. విత్తిన రెండు, రెండున్నర నెలలకు కంకి మొదలవుతుంది. అది నిండుగా సాగడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

కోత తెల్లవారుజామున పెట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. నీలి చారల తేనెటీగల్లో మగవి రాత్రి గూటికి పోవు. సన్నని కాడలను నోటితో కరిచి పట్టుకుని వేలాడుతూ నిద్రపోతాయి, ఒక్కోసారి నాలుగైదు ఒకే కాడకు. చల్లటి పొద్దున వెంటనే ఎగరలేవు. అలాంటి కాడ కనబడితే దాన్ని ఆ రోజుకు వదిలేసి పక్కదాన్ని కోయండి.

కత్తెరతో పక్క కొమ్మ పైన కోయండి, కింది మొగ్గలు కొత్త కంకులు వేస్తాయి. చేత్తో గుంజితే మొక్క వేరుతో సహా లేచి వస్తుంది.

ఏం చెడుతుంది, ఎందుకు

*మొలకలు నేల దగ్గర సన్నబడి పడిపోవడం.* నారుకుళ్లు. ఒత్తుగా విత్తడం, మీద గడ్డి ఎక్కువ రోజులు ఉంచడం, నీరు నిలవడం దీనికి కారణాలు. పడినవాటిని చుట్టూ రెండు వేళ్ల మట్టితో సహా తీసేసి, రెండు రోజులు నీళ్లు ఆపండి. ఖాళీ అయినచోట వారం తర్వాత మళ్లీ గింజ చల్లండి.

*ఆకులు ముడుచుకుని, లోపల సాలెగూడు లాంటి దారాలు.* గూడు పురుగు. తోటకూరను పట్టేదే దీనికీ వస్తుంది, ఆగస్టు, సెప్టెంబర్ ముసురు రోజుల్లో ఎక్కువ. ఆకుపచ్చని సన్న పురుగు లోపల కూర్చుని ఆకును జల్లెడ చేస్తుంది. ముడుచుకున్న ఆకును పురుగుతో సహా గిల్లి సబ్బునీళ్లలో వేయండి. వారం రోజులు పొద్దునపూట చూస్తూ తీస్తే అదుపులోకి వస్తుంది. మొక్కలో మూడోవంతు ఆకు పోయినా పూత ఆగదు, కంగారుపడి మందు కొట్టాల్సిన పని లేదు.

*ఆకుల మీద గుండ్రటి గోధుమ మచ్చలు.* గాలి ఆడక, తడి ఆరక వస్తాయి. కింది ఆకులు తీసి పెరటి బయట పారేయండి, దూరం సరిచేయండి.

*కాడలు, ఆకు మొదళ్ల దగ్గర తెల్లటి పిండి.* పిండినల్లి. కుండీల్లో, డాబా మీద ఎక్కువ. నీటి ధారతో కడిగి, మిగిలినవి తడి గుడ్డతో తుడవండి. చీమలు వీటిని మోసి పెంచుతాయి కాబట్టి కుండీని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టిన ఇటుక మీద ఉంచండి.

*మొక్క పెరగక పసుపు పడి, పీకితే వేర్లకు బుడిపెలు.* ఇసుక నేలల్లో నులిపురుగులు. ఆ మొక్కలను కాల్చేయండి, ఎరువు గుంతలో వేయవద్దు. ఆ చోట ఒకటి రెండేళ్లు బంతి వేసి, గునుగును ఇంకో మూలకు మార్చండి.

*పడిపోవడం.* తుంచని పొడుగు మొక్కలకే ఎక్కువ. మడి నాలుగు మూలలా పత్తికట్టెలు గానీ వెదురు పుల్లలు గానీ పాతి, మోకాలెత్తున చుట్టూ సుతిలి కట్టండి. ఒక్కో మొక్కనూ కట్టెకు బిగించి కడితే గాలికి ఆ ముడి దగ్గరే విరుగుతుంది.

మేకలు, బర్లు దీన్ని ఇష్టంగా తింటాయి. ప్రహరీ లేని ఇంట్లో కంపతో దడి కట్టక తప్పదు.

మందుల విషయం

ఇక్కడ మెత్తగా చెప్పడం కుదరదు. తేనెటీగల కోసం గునుగు వేసి, పక్కనున్న గులాబీకి ఇమిడాక్లోప్రిడ్ పోస్తే మడి వేసిన పుణ్యం మొత్తం పోతుంది. అది మొక్క ఒంట్లోకి ఎక్కే మందు. పుప్పొడిలోకి, తేనెలోకి కూడా చేరుతుంది. నర్సరీ నుంచి కొత్త పూలమొక్క తెచ్చినప్పుడు ఏ మందు వేశారో అడగండి, తెలియకపోతే మొదట వచ్చిన పూలు తుంచేయండి.

వేపనూనె వాడాలనుకుంటే మొగ్గ రాకముందే వాడండి. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు కలిపి, పొద్దుగూకాక ఆకుల అడుగున పిచికారీ చేయండి. కంకి కనబడ్డాక అదీ మానేయండి. పత్తి చేన్ల పక్కన ఇళ్లున్నవాళ్లు చేనుకు ఎదురు దిక్కున, ఇంటి చాటున మడి కట్టుకోవాలి, గాలికి మందు కొట్టుకొస్తుంది. చేను తమదే అయితే మందు సాయంత్రం తేనెటీగలు తిరగని వేళ కొట్టడం మంచిది.

తోడుగా ఏం ఉండాలి

గునుగు పూయడానికి ముందూ తర్వాతా తిండి కావాలి కాబట్టి మడి అంచున తుమ్మి చల్లండి. వినాయక చవితికి కూర వండుకునే తుమ్మే. జానెడు, మూరెడు ఎత్తులో తెల్లని పూలు గుత్తులుగా వేస్తుంది, తేనెటీగలు దాన్ని వదలవు. చవితికి కొనలు గిల్లుకుని మొక్కను ఉంచేస్తే మళ్లీ చిగురించి పూస్తుంది. తులసి కంకులు ఊరికే తుంచేయకుండా కొన్ని పూయనివ్వండి. చోటు ఉంటే పెరటి మూలన ఒక తంగేడు పొద పెట్టండి. దాని పూలలో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. దాన్ని దులుపుకోవడానికి నల్ల తుమ్మెదలు వస్తాయి. గునుగు తేనె, తంగేడు పుప్పొడి రెండూ ఒకే పెరట్లో దొరికితే వాటికి తిరుగుడు తగ్గుతుంది.

వెడల్పు మట్టి మూకుడులో గులకరాళ్లు పరిచి, రాళ్లు సగం మునిగేలా నీళ్లు పోసి మడి దగ్గర పెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఇంకా ముఖ్యమైనది, పెరట్లో ఒక చాపంత నేలను గడ్డి, టైల్స్, సిమెంటు ఏమీ లేకుండా వదిలేయండి. బొరియలు తవ్వుకునే తేనెటీగలకు ఆ ఖాళీ నేలే ఇల్లు.

కుండీల్లో

డాబా మీద పన్నెండంగుళాల కుండీకి మూడు మొక్కలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు ఇసుక. కొబ్బరిపొట్టు మాత్రమే నింపిన సంచుల్లో మొక్క నిలదొక్కుకోదు. అన్నింటికీ తల తుంచండి. వాన లేని రోజుల్లో ఒకరోజు విడిచి ఒకరోజు నీళ్లు పోయాలి, సెప్టెంబర్ ఎండకు రోజూ. కుండీలను విడివిడిగా కాకుండా ఐదారు ఒకేచోట గుంపుగా పెట్టండి. ఒంటరి మొక్క కన్నా గుంపు దగ్గరికే తేనెటీగలు వస్తాయి.

గింజ, వచ్చే ఏడు

నవంబర్‌లో నాలుగైదు మంచి మొక్కలను గింజకు ఎంచుకోండి. పొడుగు కంకి కాదు, కొమ్మలు ఎక్కువ వేసి, పురుగు తక్కువ పట్టినదాన్ని చూడండి. మిగిలిన కంకులను గింజ రాలకముందే కోసేయండి. ఇది తప్పనిసరి, ఇల్లు చేనుకు ఆనుకుని ఉంటే మరీ. గునుగు పంటలో పడితే కలుపే, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, పక్క రైతుకు మన వల్ల కలుపు పని పెరగకూడదు. కోసిన కంకులు ఎరువు గుంతలో వేస్తే ఆ ఎరువు వెళ్లిన చోటల్లా గునుగు మొలుస్తుంది కాబట్టి ఎండబెట్టి కాల్చేయండి.

ఎండిన మొదళ్లను సంక్రాంతి దాకా కదపకుండా ఉంచవచ్చు. తర్వాత నేల మట్టానికి కోసి, వేళ్లు అక్కడే వదిలేయండి. వేసవిలో మడికి నీళ్లు అక్కర్లేదు. రాలిన గింజ పైమట్టిలోనే ఉంటుంది కాబట్టి జూన్‌లో మడిని తవ్వి తిరగేయకండి, గింజ లోతుకు పోతుంది. మొదటి పెద్ద వాన పడ్డాక చేతి గొర్రుతో అర అంగుళం పైపైన గీకి, పది రోజులు చూడండి. తగినన్ని మొలిస్తే ఒత్తు తీయడమే పని. పలుచగా ఉన్నచోట మాత్రం సీసాలోని గింజ చల్లండి.